సొంతంగా కట్టిన చిన్న విమానం: కొనుగోలుకు అప్పు, తాకట్టు, హక్కు పత్రాలు

ఫ్యాక్టరీలో కాకుండా ఒక వ్యక్తి తన గ్యారేజీలోనో, విమానాశ్రయంలో అద్దెకు తీసుకున్న హ్యాంగర్‌లోనో స్వయంగా కట్టుకున్న చిన్న విమానాన్ని హోమ్‌బిల్ట్ అంటారు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు సీట్లుంటాయి. కొందరు నక్షాలు కొని, కర్రా రేకూ తెచ్చుకుని మొదటి నుంచీ కడతారు. ఎక్కువమంది కంపెనీలు అమ్మే కిట్లు కొని బిగిస్తారు. ఇలాంటి విమానాలు అత్యధికంగా ఉన్న దేశం అమెరికా. వీటి కోసం ప్రత్యేక చట్టవర్గం, విడిభాగాల వ్యాపారం, పాతవాటి మార్కెట్టు, అప్పులిచ్చే సంస్థలు అన్నీ అక్కడ ఉన్నాయి. కాబట్టి ఈ వ్యాసం అమెరికా పద్ధతినే వివరిస్తుంది.

సెస్నా, పైపర్ వంటి ఫ్యాక్టరీ విమానం మీద అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకుకు ఒక ధీమా ఉంటుంది. ఆ నమూనాకు ప్రభుత్వ ధ్రువీకరణ ఉంది, ఒకే తీరుగా తయారైనవి వేలల్లో ఉన్నాయి, ధరల పట్టికలున్నాయి. హోమ్‌బిల్ట్‌కు వెనక నిలబడేది కట్టినవాడి చేతిపని ఒక్కటే. ఒకే కిట్ నుంచి ఇద్దరు కట్టిన రెండు విమానాలు బరువులో, వైరింగులో, నాణ్యతలో వేరుగా ఉంటాయి. చేతిపనికి విలువ కట్టడం, దాన్ని తాకట్టు పెట్టుకోవడం ఎలాగన్నదే ఈ రంగంలోని అసలు చిక్కు. వడ్డీ రేటు నుంచి బీమా షరతుల దాకా మిగతావన్నీ దాని నుంచి పుట్టినవే.

చట్టం ఇచ్చిన చోటు

సొంతంగా విమానం కట్టుకోవడం కొత్త సంగతి కాదు. బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజిన్‌తో ఎగిరే ఎయిర్ క్యాంపర్‌ను రూపొందించాడు. ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే తన ‘పూ దు సియెల్’ నమూనాతో 1934 నుంచి యూరప్ అంతటా ఔత్సాహికులను కదిలించాడు. అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ఇలాంటి విమానాలను సహించిన రాష్ట్రాలు తక్కువ, వాటిలో ఆరెగాన్ ముఖ్యమైనది. ఆ రాష్ట్రానికే చెందిన జార్జ్ బొగార్డస్ 1947లో ‘లిటిల్ జీ బీ’ అనే తన చిన్న విమానంలో వాషింగ్టన్ దాకా ఎగిరి వెళ్లి అధికారులతో వాదించాడు. ఆ ఒత్తిడి ఫలించి 1952 నాటికి ఔత్సాహికులు కట్టే విమానాలకు నిబంధనలు ఏర్పడ్డాయి. మరుసటి ఏడాది పాల్ పోబరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఈ ఉద్యమానికి ఇల్లు అయింది. విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్‌లో ఏటా జూలైలో జరిగే దాని సమావేశం నేటికీ కిట్ కంపెనీలకు, కొనుగోలుదారులకు పెద్ద సంత.

ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఏఏ, నిబంధన ప్రకారం విమానంలో ప్రధాన భాగాన్ని విద్య కోసమో వినోదం కోసమో కట్టినవాళ్లే తయారుచేసి ఉండాలి. దీన్నే వాడుకలో 51 శాతం నియమం అంటారు. డబ్బిచ్చి ఇతరులతో చేయించిన పని ఆ 51 శాతంలోకి రాదు. ప్రయాణికులను గానీ సరుకును గానీ కిరాయికి తీసుకెళ్లకూడదన్నది మరో షరతు. అప్పు ఇచ్చేవాడికి ఈ రెండో షరతు ముఖ్యం. ఫ్యాక్టరీ విమానాన్ని కొన్నవాడు దాన్ని శిక్షణ సంస్థకు అద్దెకిచ్చి వాయిదాల్లో కొంత రాబట్టుకోవచ్చు. హోమ్‌బిల్ట్‌కు ఆ దారి లేదు. అది సంపాదించిపెట్టే ఆస్తి కాదు కాబట్టి బ్యాంకు కొనేవాడి జీతాన్ని, అప్పుల చరిత్రనే చూస్తుంది.

పెట్టెల్లో ఉన్న విమానం

కిట్ దశలో ఉన్న విమానానికి దాన్నే తాకట్టుగా తీసుకుని అప్పు ఇచ్చేవాళ్లు చాలా అరుదు. కారణం తేలికే. సగం బిగించిన రెక్కలు, విప్పని పెట్టెలు జప్తు చేసుకున్నా వాటిని పెట్టిన డబ్బుకు అమ్మడం అసాధ్యం. పైగా అవి విమానంగా రిజిస్టర్ అయ్యేదాకా సామాన్య వస్తువుల కిందే లెక్క. వాటి మీద హక్కు నమోదు చేయాలంటే రాష్ట్ర స్థాయి వాణిజ్య చట్టం కింద పత్రం దాఖలు చేసుకోవాలి.

అందుకే కిట్ కంపెనీలు విమానాన్ని ముక్కలుగా అమ్మే పద్ధతి తెచ్చాయి. మొదట తోక భాగం, తరువాత రెక్కలు, ఆపైన ఫ్యూజిలాజ్ (విమానం మొండెం), చివర ఫినిషింగ్ కిట్. నెల జీతంలోంచి మిగిల్చి ఒక్కో భాగం కొంటూ, అది పూర్తయ్యాక తరువాతి దానికి ఆర్డరు పెడతారు. వడ్డీ లేని వాయిదా పద్ధతి అంటే ఇదే. ఈ రంగంలో దీనికి మించిన ఆర్థిక ఏర్పాటు మరొకటి లేదని చెప్పవచ్చు. మధ్యలో ఉద్యోగం పోయినా, ఆసక్తి తగ్గినా నష్టం అప్పటిదాకా కొన్న భాగాలతోనే ఆగిపోతుంది. అయితే ఖర్చు అన్ని దశల్లో ఒకేలా ఉండదు. లోహపు భాగాల ధర చూసి మొత్తం అంచనా వేసుకున్నవాళ్లు ఇంజిన్, ప్రొపెల్లర్, కాక్‌పిట్‌లోని ఎలక్ట్రానిక్ పరికరాల దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడతారు. తరచు మొత్తం ఖర్చులో సగానికి పైగా ఈ చివరి దశలోనే ఉంటుంది. చాలా ప్రాజెక్టులు హ్యాంగర్లలో దుమ్ము పట్టేది కూడా ఇక్కడే.

రెండో ప్రమాదం అడ్వాన్సులది. కిట్‌కూ ఇంజిన్‌కూ నెలల తరబడి ఎదురుచూడాలి, ముందే సొమ్ము కట్టాలి. అంటే కొనేవాడే కంపెనీకి అప్పు ఇస్తున్నాడు, అదీ ఏ తాకట్టూ లేకుండా. దీనికి పెద్ద ఉదాహరణ 1970 దశకంలో జిమ్ బీడ్ రూపొందించిన బీడీ-5. బుల్లెట్‌లా కనిపించే ఆ ఒంటి సీటు విమానం కోసం వేలమంది 200 డాలర్ల చొప్పున అడ్వాన్సు కట్టారు. ఇంజిన్ సరఫరా చేయాల్సిన జర్మన్ కంపెనీ హిర్త్ దివాలా తీసింది. కిట్లు వచ్చినా ఇంజిన్లు రాలేదు. 1979లో బీడ్ కంపెనీ కూడా దివాలా తీసింది. పదేళ్లపాటు విమానాలకు అడ్వాన్సులు తీసుకోనని బీడ్ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది.

బీడీ-5 కథను ఒక దూకుడు మనిషి కథగా కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేసింది 2023. ఆరెగాన్‌లోని అరోరాలో రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ స్థాపించిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మకమైన పేరు. దాని ఆర్‌వీ శ్రేణి విమానాలు 11,000కు పైగా పూర్తయి ఎగిరాయి. కరోనా కాలంలో ఆర్డర్లు వెల్లువెత్తాయి. ఉత్పత్తి పెంచడానికి రివెట్ల రంధ్రాలను లేజర్‌తో కోయించిన భాగాల్లో కొన్నిటికి, బిగించడానికి సిద్ధం చేసే క్రమంలో అంచుల దగ్గర బీటలు కనిపించాయి. భాగాలు మార్చి ఇవ్వాల్సిన భారం ఒకవైపు, పాత ధరలకే ఒప్పుకున్న ఆర్డర్లు మరోవైపు కంపెనీని కుంగదీశాయి. 2023 డిసెంబర్ 4న అది దివాలా చట్టం చాప్టర్ 11 కింద కోర్టు రక్షణ కోరింది. కిట్ల ధరలు సగటున 32 శాతం పెరిగాయి. అప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకు రెండు దారులు మిగిలాయి: కొత్త ధరకు ఒప్పుకోవడం, లేదా రుణదాతల వరసలో నిలబడడం. ఆ వరసలో మామూలు వినియోగదారుడి అడ్వాన్సుకు దివాలా చట్టం ప్రాధాన్యం ఇస్తుంది గానీ, ఆ నాటి పరిమితి మనిషికి 3,350 డాలర్లు మాత్రమే. ఇంజిన్ అడ్వాన్సు కట్టినవాడికి అది ఏ మూలకు? కంపెనీ 2024లో పునర్వ్యవస్థీకరణ పూర్తిచేసుకుని నిలదొక్కుకుంది. అంత పేరున్న సంస్థ విషయంలోనే ఇలా జరిగిందంటే, పెద్ద మొత్తాలు ఒకేసారి అడ్వాన్సుగా కట్టడం ఎవరి దగ్గరైనా మంచిది కాదు.

ఎగురుతున్న విమానానికి అప్పు

కట్టడం పూర్తయి ఎగురుతున్న హోమ్‌బిల్ట్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు పరిస్థితి మెరుగు. అన్ని బ్యాంకులూ ఇవ్వవు. విమాన రుణాల్లో అనుభవం ఉన్న కొన్ని సంస్థలు, కొన్ని క్రెడిట్ యూనియన్లు ఇస్తాయి. వాటికి పేరున్న నమూనాలు కావాలి: ఆర్‌వీ, లాన్‌కెయిర్, గ్లాస్‌ఎయిర్, కిట్‌ఫాక్స్ వంటివి. ఒక్కడు గీసి ఒక్కడే కట్టిన అపురూపమైన నమూనా ఎంత అందంగా ఉన్నా, అలాంటిదే మరొకటి ఎంతకు అమ్ముడైందో చెప్పే లెక్క లేదు కాబట్టి అప్పు దొరకదు. విమానం ప్రాథమిక పరీక్షా దశ దాటి ఉండాలన్నది కూడా సాధారణ షరతే. కొత్తగా కట్టిన విమానాన్ని ఎఫ్‌ఏఏ నిర్ణయించిన ప్రాంతంలోనే, మామూలుగా 25 లేదా 40 గంటలు పరీక్షగా ఎగరేయాలి. ఆ గంటలు పూర్తికాకముందు దాని మీద డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు.

కొనేవాడు సొంతంగా పెట్టాల్సింది తరచు ధరలో 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. వడ్డీ ఫ్యాక్టరీ విమానం కన్నా ఎక్కువ, గడువు తక్కువ. ఊహకు ఒక లెక్క వేద్దాం. లక్ష డాలర్ల విమానానికి 20 వేలు చేతి నుంచి పెట్టి, 80 వేలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే, పదిహేనేళ్ల గడువులో నెలకు దాదాపు 811 డాలర్లు కట్టాలి. మొత్తం చెల్లింపు సుమారు 1,46,000 డాలర్లు. అదే అప్పు పదేళ్లలో తీరిస్తే నెలవాయిదా 1,013 డాలర్లకు పెరుగుతుంది గానీ మొత్తం 1,21,600 దగ్గర ఆగుతుంది. అయిదేళ్ల తేడాకు 24 వేల డాలర్లకు పైగా. చిన్న విమానం కొన్నవాళ్లు చాలామంది కొన్నేళ్లకు మరొకటి కొనాలనుకుంటారు. అప్పటికి బాకీ విమానం విలువకన్నా ఎక్కువ మిగలకుండా ఉండాలంటే తక్కువ గడువే క్షేమం.

నెలవాయిదా ఒక్కటే ఖర్చు కాదు. హ్యాంగర్ అద్దె, బీమా, ఏటా తనిఖీ, ఇంధనం ఉన్నాయి. ఇవి కాక ఇంజిన్ కోసం ప్రతి గంటకూ కొంత పక్కన పెట్టాలి. లైకమింగ్ ఓ-360 వంటి ఇంజిన్‌కు తయారీదారు సూచించిన ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు. 1,800 గంటలు తిరిగిన ఇంజిన్‌తో వచ్చే విమానం చవగ్గా కనిపిస్తుంది. ఓవర్‌హాల్ బిల్లు మాత్రం అప్పు ఇంకా తీరకముందే వచ్చి కూర్చుంటుంది.

అప్పు ఇచ్చేవాడు బీమా లేకుండా కదలడు. మూడో వ్యక్తుల నష్టానికే కాక విమానం విలువకు కూడా బీమా ఉండాలి, ప్రమాదం జరిగితే సొమ్ము మొదట తనకు రావాలని పాలసీలో రాయించుకుంటాడు. పైలట్ ఏదో షరతు తప్పాడని బీమా కంపెనీ చెల్లించకపోయినా తన బాకీ వరకు తనకు దక్కేలా ప్రత్యేక షరతు చేర్పిస్తాడు. ఆ షరతు రక్షించేది బ్యాంకునే. యజమాని మీద బీమా కంపెనీ తరువాత వసూలుకు రావచ్చు. కొత్త యజమాని ఆ నమూనాలో అనుభవజ్ఞుడితో కొన్ని గంటలు ఎగిరితే తప్ప బీమా ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ ఖర్చును కూడా కొనుగోలు ధరలో కలిపి చూసుకోవాలి.

ఎవరు కట్టారు, ఎలా కట్టారు

బీమా కంపెనీల జాగ్రత్తకు కారణం ఉంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, 2012లో ఈ విమానాలపై ఒక అధ్యయనం వెలువరించింది. అప్పటికి అమెరికాలో దాదాపు 33,000 హోమ్‌బిల్ట్‌లున్నాయి. అవి మొత్తం సాధారణ విమానాల్లో పదో వంతు. ప్రాణాంతక ప్రమాదాల్లో మాత్రం వాటి వాటా 2011లో 21 శాతం. ఆ ఏడాది జరిగిన 224 హోమ్‌బిల్ట్ ప్రమాదాల్లో సగానికి పైగా, ఇతరులు కట్టగా కొనుక్కున్న విమానాలవే. వాటిలో 14 కొత్త యజమాని చేసిన మొట్టమొదటి ప్రయాణంలోనే జరిగాయి. అప్పు చేసి పాత హోమ్‌బిల్ట్ కొనేవాడు అన్నిటికన్నా ముందు చదవాల్సిన అంకెలివి.

గాయకుడు జాన్ డెన్వర్ మరణం ఈ సంగతిని లోకానికి తెలిపింది. బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ విమానాన్ని, మరొకరు కట్టినదాన్ని, ఆయన కొనుక్కున్నాడు. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరే తీరాన సముద్రంలో కూలి మరణించాడు. ఇంధన ట్యాంకు మార్చే మీట అసలు నక్షాలో చూపిన చోట లేదు. కట్టినవాడు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక అమర్చాడు. దాన్ని అందుకోవడానికి వెనక్కి తిరగాల్సి రావడం ప్రమాదానికి దారితీసిన కారణాల్లో ఒకటని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ మార్పులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, కట్టినవాడికి ఆ స్వేచ్ఛ ఉంది.

కాబట్టి కొనేముందు ఆ నమూనాను స్వయంగా ఎరిగిన మెకానిక్ చేత చూపించుకోవాలి. నిర్మాణ కాలపు ఫొటోలు, లాగ్‌బుక్, బరువు లెక్కలు అడగాలి. కట్టినవాడు పెట్టిన వేల గంటల శ్రమకు ధర పట్టికలో చోటు లేకపోయినా, ఆ శ్రమను పేజీ పేజీగా రాసి ఉంచిన విమానం త్వరగా అమ్ముడవుతుంది, అప్పూ తేలిగ్గా దొరుకుతుంది. ఇంకో విషయం: కట్టినవాడికి తన విమానానికి ఏటా తనిఖీ చేసి సంతకం పెట్టే రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఎఫ్‌ఏఏ ఇస్తుంది. విమానంతో పాటు అది చేతులు మారదు. రెండో యజమాని మరమ్మతులు తానే చేసుకోవచ్చు గానీ వార్షిక తనిఖీకి సాధారణంగా లైసెన్సున్న మెకానిక్‌నో, అసలు కట్టినవాడినో ఆశ్రయించాలి.

ఓక్లహోమా సిటీలోని కాగితం

అమెరికా విమానాలన్నిటి రిజిస్ట్రీ ఓక్లహోమా సిటీలో ఎఫ్‌ఏఏ ఆధీనంలో ఉంది. విక్రయ పత్రాలు, తాకట్టు ఒప్పందాలు అక్కడే నమోదవుతాయి. మనవైపు పొలమో స్థలమో కొనేముందు ఈసీ తీయించినట్టు, అక్కడ విమానం నంబరు మీద టైటిల్ సోదా చేయిస్తారు. దీన్ని తప్పించుకుంటే ఏమవుతుందో 1983లో అమెరికా సుప్రీంకోర్టు ‘ఫిల్కో ఏవియేషన్ వర్సెస్ షాకెట్’ తీర్పులో చెప్పింది. ఒక డీలరు కొత్త పైపర్ విమానాన్ని ఒక జంటకు అమ్మి, పూర్తి సొమ్ము పుచ్చుకుని, విమానం అప్పగించాడు. విక్రయ పత్రాల జిరాక్సులు చేతిలో పెట్టి, కాగితాల పని తాను చూసుకుంటానన్నాడు. ఆ తరువాత అదే విమానాన్ని ఫిల్కో కంపెనీకి అసలు పత్రాలతో సహా అమ్మాడు. ఫిల్కోకు అప్పు ఇచ్చిన బ్యాంకు రిజిస్ట్రీలో వెతికితే అడ్డంకి ఏదీ కనిపించలేదు. విమానం చేతిలో ఉన్నంత మాత్రాన చాలదని, విషయం తెలియని మూడో వ్యక్తి మీద హక్కు చెల్లాలంటే బదిలీ పత్రం ఎఫ్‌ఏఏ దగ్గర నమోదై ఉండాల్సిందేనని కోర్టు తేల్చింది.

హోమ్‌బిల్ట్ విషయంలో ఈ సోదా ఒక్కటే సరిపోదు. విడి ఇంజిన్ మీద తాకట్టును ఎఫ్‌ఏఏ నమోదు చేయాలంటే దాని శక్తి కనీసం 550 హార్స్‌పవర్ ఉండాలి. ఈ విమానాల్లో వాడేవి 100, 180, 200 హార్స్‌పవర్ ఇంజిన్లు. కట్టినవాడు ఇంజిన్‌ను విడిగా అప్పు చేసి కొనుంటే ఆ బాకీ ఓక్లహోమా సిటీలో కనిపించదు, అతడి రాష్ట్రంలోని వాణిజ్య దాఖలాల్లో వెతకాలి. సగం కట్టిన కిట్ ఇద్దరు ముగ్గురి చేతులు మారి ఉంటే, కిట్ కంపెనీ నుంచి చివరి యజమాని దాకా ప్రతి అమ్మకానికీ పత్రం ఉందో లేదో చూడాలి.

ఇతర దారులు

విమానం మీద అప్పు దొరకనివాళ్లు ఇంటి విలువ మీద తీసుకుంటారు. వడ్డీ తక్కువ, ఏ నమూనా అని ఎవరూ అడగరు. కానీ వాయిదాలు ఆగితే పోయేది ఇల్లు. పైగా 2017 పన్ను సంస్కరణ తరువాత, ఆ డబ్బును ఇల్లు కొనడానికో బాగుచేయడానికో వాడితే తప్ప వడ్డీకి పన్ను మినహాయింపు లేదు. పదవీ విరమణ నిధి 401(కె) నుంచి అప్పు తీసుకునేవాళ్లూ ఉన్నారు. పరిమితి ఖాతాలో సొంతమైన మొత్తంలో సగం, లేదా 50,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. అయిదేళ్లలో తీర్చాలి, ఉద్యోగం మారితే చిక్కు. విమానం ఉత్సాహంలో వార్ధక్యపు పొదుపును కదిలించడం అన్ని దారుల్లోకీ చెడ్డది. ఇద్దరు ముగ్గురు కలిసి కొనడం వీటన్నిటికన్నా ఆరోగ్యకరం. కొనుగోలు ధర, హ్యాంగర్, బీమా పంచుకోవచ్చు. ఒకరు తప్పుకుంటే వాటా ధర ఎలా తేల్చాలో ముందే రాతలో ఉండాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు ఇక్కడ ఒక నియమం గమనించాలి. విమానాన్ని సొంత పేరున రిజిస్టర్ చేయించుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు పైలట్ లైసెన్సు రావచ్చు గానీ రిజిస్ట్రేషన్ రాదు. మిత్రులతో కలిసి కొంటే ప్రతి సహయజమానికీ ఆ అర్హత ఉండాలి. చట్టపరంగా భాగస్వామ్య సంస్థ పెడితే నియమం ఇంకా కఠినం, భాగస్వాములంతా పౌరులే కావాలి, గ్రీన్‌కార్డు కూడా చాలదు. ట్రస్టు పేరున పెట్టించే ఏర్పాటు ఉంది గానీ దానికి ఏటా రుసుము కట్టాలి, అప్పు ఇచ్చే సంస్థ ఒప్పుకోవాలి. బయానా ఇచ్చేముందే ఇది తేల్చుకోవాలి.

అప్పు తీరాక చేయాల్సిన పని ఒకటుంది. చివరి వాయిదా కట్టగానే తాకట్టు దానంతట అది చెరిగిపోదు. బ్యాంకు విడుదల పత్రంపై సంతకం చేయాలి, అది ఓక్లహోమా సిటీలో నమోదు కావాలి. కొందరు ఆ పత్రాన్ని ఇంట్లో దాచుకుని మరిచిపోతారు. పదిహేనేళ్ల తరువాత అమ్మబోతే రిజిస్ట్రీలో పాత బాకీ అలాగే కనిపిస్తుంది, అప్పటికి ఆ బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయి ఉండవచ్చు. విడుదల పత్రం అందిన వారంలోనే పంపించి, నమోదైనట్టు ధ్రువీకరణ తెప్పించుకుని లాగ్‌బుక్‌లతో పాటు భద్రపరచాలి.